హెవీ లైసెన్స్ టెస్టు: గేరు రాడ్డు వెనక ఉన్న లెక్క

"ఎనిమిది వేసి, రివర్స్ కొట్టి చూపిస్తే చాలు, హెవీ వచ్చేస్తుంది." లారీ లైసెన్స్‌కి సిద్ధమయ్యే కుర్రాళ్లకు అందరికంటే ముందు అందే సలహా ఇదే. చాలా డ్రైవింగ్ స్కూళ్లలో శిక్షణ కూడా ట్రాక్ చుట్టూనే తిరుగుతుంది. ఏ డ్రమ్ము అద్దంలో కనబడగానే స్టీరింగ్ తిప్పాలో, ఏ గీత దగ్గర ఆపాలో బట్టీ పట్టిస్తారు. ఆ బట్టీతో పాసైపోయేవాళ్లూ ఉన్నారు.

టెస్టులో ఏమేం చూడాలో అధికారికంగా చెప్పేది మాత్రం కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989. అందులోని 15వ నియమం ఒకసారి చదవండి. టాప్ గేరు పడేదాకా అన్ని గేర్లూ వేస్తూ బండిని కుదుపు లేకుండా కదిలించాలి. ట్రాఫిక్ అడ్డొస్తే టాప్ నుంచి కింది గేర్లకు త్వరగా రాగలగాలి. డౌన్‌లో దిగేటప్పుడు కూడా కింది గేరుకు త్వరగా మార్చగలగాలి. నిటారు మిట్ట మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించాలి. జాబితా ఇంకా పొడవుంది. అద్దాలు చూడటం, సిగ్నల్ ఇవ్వడం, సందులోకి రివర్స్ తీయడం, ఓవర్‌టేక్ అన్నీ ఉన్నాయి. కానీ మొదట్లోనే వచ్చే ఈ నాలుగూ క్లచ్‌తో, గేరు రాడ్డుతో చేసే పనులే.

కారు నడిపినవాళ్లకు ఇవన్నీ తెలిసినవే అనిపిస్తాయి. కారులో గేరు తప్పు పడితే బండి ఒకసారి ఎగిరిపడుతుంది, లేదంటే ఇంజిన్ ఆగిపోతుంది. నిండా లోడున్న లారీ కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లోనో, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనో దిగుతుండగా గేరు జారి న్యూట్రల్‌లో పడితే, డ్రైవర్ చేతిలో బ్రేకు ఒక్కటే మిగులుతుంది. ఆ బ్రేకు ఎంతసేపు నిలబడుతుందో అప్పటికే అది ఎంత వేడెక్కిందన్న దాన్ని బట్టి ఉంటుంది. లారీని పరుగెత్తించడానికి గేరు ఎంత అవసరమో, పట్టి ఉంచడానికి అంతకంటే ఎక్కువ అవసరం. ఈ సంగతి బుర్రకెక్కితే 15వ నియమంలో విడివిడిగా కనిపించే పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని అర్థమవుతుంది. టెస్టుకు సిద్ధం కావడం కూడా అక్కణ్నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ముందు కాగితాల చిక్కు

ఏ బండికి ఏ లైసెన్స్ అన్న దాని మీద ఉన్నంత అయోమయం ఈ వ్యవహారంలో ఇంకెక్కడా లేదు. చట్టం ప్రకారం 7,500 కిలోలు దాటని బండి లైట్ మోటార్ వెహికల్ (ఎల్‌ఎంవీ). సరుకు బండికైతే ఇది ఖాళీ బండి బరువు కాదు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. 12,000 కిలోలు దాటిన సరుకు బండి హెవీ, మధ్యలోది మీడియం. లైసెన్స్‌ల విషయానికొస్తే, 1994 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణ మీడియం, హెవీ తరగతులను తీసేసి "ట్రాన్స్‌పోర్ట్ వెహికల్" అనే ఒకే తరగతి పెట్టింది. జనం నోట్లో మాత్రం అది హెవీ లైసెన్స్‌గానే ఉండిపోయింది.

గొడవంతా ఇక్కడే మొదలైంది. చిన్న ట్రాలీ కూడా సరుకు మోస్తుంది కాబట్టి అది ట్రాన్స్‌పోర్ట్ వెహికలే కదా, మరి ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో దాన్ని నడపొచ్చా? ప్రమాదం జరిగినప్పుడల్లా ఇన్సూరెన్స్ కంపెనీలు ఇదే ప్రశ్న పట్టుకుని కోర్టులకెక్కాయి. 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్ నడపొచ్చని చెప్పింది. దాని మీద మళ్లీ అనుమానాలు రావడంతో విషయం ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వెళ్లింది. 2024 నవంబరు 6న ఆ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చు, లైసెన్స్ మీద దానికోసం విడిగా ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) రాయించుకోవాల్సిన పనిలేదు. కాబట్టి టాటా ఏస్ నడిపి బతకాలనుకునేవాళ్లు హెవీ కోసం పరుగెత్తాల్సిన పనిలేదు. పది టైర్ల లారీ సంగతి వేరు. 2018లో బరువుల పరిమితి పెంచాక దాని మొత్తం బరువు 28.5 టన్నులు. దానికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఉండి తీరాలి.

అర్హతలు పెద్ద కష్టమైనవేమీ కావు. వయసు 20 నిండాలి. ఎల్‌ఎంవీ లైసెన్స్ చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. డాక్టర్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఫారం 1ఎ, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే శిక్షణ ధ్రువపత్రం ఫారం 5 కావాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లో పోయింది. చదువు ఆగిపోయినా స్టీరింగ్ మీద చేయి తిరిగిన ఎంతోమందికి అది మేలు చేసింది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు టెస్టుకు వెళ్లొచ్చు. ఫెయిలైతే ఏడు రోజులాగి మళ్లీ రావొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి, స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి.

2021 జులై 1 నుంచి ఇంకో దారి కూడా తెరిచారు. అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు పొందిన) శిక్షణ కేంద్రంలో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు ఉంటుంది. అక్కడ పాసైతే ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ టెస్టు ఉండదు. అలాంటి కేంద్రం మీకు అందుబాటులో ఉంటే ఆ 38 గంటలు వదులుకోవద్దు. టెస్టు తప్పించుకోవచ్చని కాదు, అన్ని గంటలు పద్ధతిగా లారీ సీట్లో కూర్చోబెట్టే చోటు మామూలుగా దొరకదని చెబుతున్నాను.

గేరు ఎందుకు గరగరలాడుతుంది

పెట్రోలు కారు ఇంజిన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగినా ఇబ్బంది పడదు. లారీ డీజిల్ ఇంజిన్ అలా కాదు. దాని పరిధి మొత్తం కలిపి సుమారు 2,500 చుట్లు, అందులోనూ బలంగా లాగేది 1,200 నుంచి 1,700 మధ్యే. మీటర్‌లో పచ్చరంగు పట్టీ వేసి చూపించేది దాన్నే. ఇంజిన్‌ని ఆ చిన్న పట్టీలో ఉంచుతూ బండిని సున్నా నుంచి అరవై దాకా తీసుకెళ్లాలి. అందుకే లారీకి ఆరు గేర్లు, కొన్నింటికి తొమ్మిది.

ఒక లెక్క చూద్దాం. నాలుగో గేరులో వెళ్తున్నారు, ఇంజిన్ 1,200 మీద తిరుగుతోంది. ముందు మిట్ట ఉంది, మూడుకు రావాలి. ఆ రెండు గేర్ల నిష్పత్తుల మధ్య తేడా ఒకటిన్నర రెట్లు అనుకోండి. అదే వేగంలో మూడో గేరు పడాలంటే ఇంజిన్ 1,800 మీద తిరగాలి. మీరు క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలేశారు కాబట్టి ఇంజిన్ 1,200 నుంచి ఇంకా కిందికి జారుతోంది. కావాల్సింది 1,800, ఉన్నది వెయ్యి. ఆ తేడాతో క్లచ్ వదిలితే బండంతా ముందుకు ఊగుతుంది, క్యాబిన్‌లో ఉన్నవాళ్ల తలలు అద్దం వైపు వస్తాయి. పై గేరుకు వెళ్లేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇంజిన్ తగ్గాలి, దానికి ఒక క్షణం టైమివ్వాలి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందు దాని పక్కన అంతే వేగంతో నాలుగడుగులు పరుగెత్తి అప్పుడు ఫుట్‌బోర్డు మీద కాలు పెడతాడు కదా, గేరు పళ్లు కలవడం కూడా అంతే. రెండింటి వేగం ఒకటైతే చప్పుడు లేకుండా పడుతుంది, కాకపోతే గరగరలాడుతుంది.

డబుల్ క్లచ్ పుట్టింది ఈ వేగాలు కలపడానికే. క్లచ్ తొక్కి రాడ్డు న్యూట్రల్‌కి తెచ్చి క్లచ్ వదలాలి. యాక్సిలరేటర్ ఒకసారి కొట్టి ఇంజిన్‌తో పాటు గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ వేగం కూడా పెంచాలి. మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. న్యూట్రల్‌లో క్లచ్ వదలకుండా యాక్సిలరేటర్ కొడితే ఇంజిన్ మాత్రమే అరుస్తుంది, షాఫ్ట్‌కి ఆ వేగం చేరదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇప్పుడు ఇంకో అయోమయం. యూట్యూబ్‌లో అమెరికా ట్రక్ వీడియోలు చూసి "డబుల్ క్లచ్ రాకపోతే టెస్టు పోతుంది" అని టెన్షన్ పడేవాళ్లున్నారు. అక్కడి పాత ట్రక్కుల్లో ఎక్కువగా కనిపించే ఈటన్ ఫుల్లర్ పది గేర్ల బాక్సులో సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు, ఉండదు. వేగాలు కలపాల్సిన పని మొత్తం డ్రైవర్‌దే కాబట్టి అక్కడ డబుల్ క్లచ్ నేర్పిస్తారు. మన దగ్గర ఇప్పుడు తిరిగే టాటా, లేలాండ్ బళ్లలో చాలావాటికి సింక్రోమెష్ ఉంది. రాడ్డు నెట్టినప్పుడు లోపలి ఇత్తడి రింగు ముందు రాసుకుని వేగాలు కలుపుతుంది, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. వీటికి మామూలుగా ఒక్కసారి క్లచ్ తొక్కితే చాలు, కాకపోతే రాడ్డుని గుద్దకూడదు. న్యూట్రల్ దగ్గర అర క్షణం ఆగి, రెండు వేళ్లతో తోసినట్టు తోస్తే రింగు తన పని తను చేసుకుంటుంది. గుద్దితే ఆ రింగే అరిగిపోతుంది. పాత బళ్లలో అరిగిపోయిన రింగులు ఉంటాయి, అప్పుడు కింది గేరు పడటానికి డబుల్ క్లచ్చే దిక్కు. స్కూల్ బళ్లలో ఎంతమంది చేతులు పడి ఉంటాయో తెలిసిందే కాబట్టి నేర్చుకుని ఉంచుకోవడం మంచిది.

ప్రాక్టీసుకు ఇంజిన్ ఆన్‌లో ఉండాలని కూడా లేదు. బండి ఆగి ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, రాడ్డు చూడకుండా గేర్లు వేయండి. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు రాడ్డు గేట్ దాటాలి, అంటే ఒక వరస నుంచి పక్క వరసకు రావాలి, కంగారులో అది తప్పి ఐదులోకి పోతుంది. ఈ దాటుడు చేతికి అలవాటు కావాలి. రివర్స్ ఉండే చోటు బండి బండికీ మారుతుంది. టెస్టుకు తీసుకెళ్లేది స్కూల్ బండే కాబట్టి, ప్రాక్టీసు చేసిన బండే టెస్టుకు వస్తుందా అని ముందే అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క ప్రశ్న సగం టెన్షన్ తగ్గిస్తుంది.

స్కూల్ వాళ్లను అడగాల్సింది ఇంకోటుంది. శిక్షణ బండి దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఖాళీ లారీ రెండో గేరులో సునాయాసంగా కదులుతుంది, ఆలస్యంగా గేరు మార్చినా క్షమిస్తుంది, బ్రేకు తొక్కగానే ఆగుతుంది. లోడుతో ఇవేవీ జరగవు. ఒకటో గేరులో కదిలించాలి, మిట్ట మీద గేరు మార్చడానికి రెండు క్షణాలు ఎక్కువ తీసుకుంటే ఆ లోపే బండి వేగం పోయి ఇంకో గేరు దిగాల్సి వస్తుంది. ఇసుకో కంకరో వేసుకుని ఒక్కరోజైనా లోడు బండి మీద కూర్చోబెట్టమని అడగండి. ఒప్పుకునే స్కూళ్లు తక్కువే, అయినా అడగాలి.

మిట్ట మీద ఆగిన లారీ

నాకు తెలిసి టెస్టులో ఎక్కువమంది భయపడేది దీనికే. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద, బండి వెనక మరో బండి. బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కి కాలు మార్చే ఆ అర క్షణంలో లారీ వెనక్కి జారుతుందని భయం.

హ్యాండ్‌బ్రేకు వాడితే ఆ అర క్షణంతో పనే ఉండదు. నియమంలోనే హ్యాండ్‌బ్రేకు వాడొచ్చని ఉంది. ఎయిర్ బ్రేకు లారీలో అది సీటు పక్కనో డ్యాష్‌బోర్డు మీదో ఉండే చిన్న మీట. అది వేసి, ఒకటో గేరులో పెట్టి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ రండి. ఒక చోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, మీటర్ ముల్లు కాస్త దిగుతుంది, క్యాబిన్ ముందు భాగం వేలెడంత పైకి లేచినట్టవుతుంది. క్లచ్ పట్టింది. కాలు అక్కడే ఆపండి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి అప్పుడు హ్యాండ్‌బ్రేకు తీయండి. బండి వెనక్కి పోదు, ముందుకే వెళ్తుంది. క్యాబిన్ లేవకుండానే హ్యాండ్‌బ్రేకు తీసేవాళ్లు జారతారు. లేచాక కూడా తీయకుండా యాక్సిలరేటర్ మీద యాక్సిలరేటర్ ఇచ్చేవాళ్లకు కాలిన వాసన వస్తుంది, అది క్లచ్ ప్లేటు. ఆ వాసన పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్‌కి కూడా వస్తుంది.

ఘాట్ రోడ్డులో ఎదురెదురుగా వచ్చి ఇద్దరికీ దారి చాలకపోతే, ఎక్కే బండికి దారివ్వాలని రోడ్డు నియమాలు చెబుతాయి. దిగేవాడు ఆగినా మళ్లీ కదలడం తేలిక, ఎక్కేవాడు ఆగితే లోడుతో ఇప్పుడు చెప్పిన పనంతా చేయాలి. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో బట్టీ పట్టే జవాబుల్లో ఇదొకటి. కారణం తెలిస్తే బట్టీ అక్కర్లేదు.

దిగుడు

28.5 టన్నుల లారీ నిలువుగా 100 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ బరువు దిగడంలో విడుదలయ్యే శక్తి సుమారు 2.8 కోట్ల జౌల్స్. అదంతా వేడిగా మారితే 25 డిగ్రీల దగ్గరున్న దాదాపు 90 లీటర్ల నీళ్లను మరిగే దాకా తెస్తుంది. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే అంతా చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల్లోకే పోతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని నొక్కే బ్రేకు షూలకు దూరంగా జరుగుతుంది, షూల మీది లైనింగ్‌కి పట్టు తగ్గుతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని వార్తల్లో చదివే ఘాట్ ప్రమాదాల్లో బ్రేకులో ముందునుంచీ లోపం ఉండాల్సిన అవసరం లేదు. బాగున్న బ్రేకు కూడా వేడికి ఇలా చచ్చుబడుతుంది.

దిగుడులో కింది గేరు ఆ వేడిలో పెద్ద వాటాను ఇంజిన్ వైపు మళ్లిస్తుంది. చక్రాలు ఇంజిన్‌ని తిప్పాల్సి వచ్చినప్పుడు లోపలి రాపిడి, గాలిని నొక్కే పని బండిని వెనక్కి లాగుతాయి. మన లారీల్లో ఉండే ఎగ్జాస్ట్ బ్రేకు ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. పొగగొట్టంలో ఒక రేకు మూసుకుని, ఇంజిన్ తన పొగను తానే తోసుకోలేక కష్టపడేలా చేస్తుంది. గేరు పడి ఉండి, క్లచ్ వదిలి ఉంటేనే ఇదంతా పనిచేస్తుంది. క్లచ్ తొక్కితే చక్రానికీ ఇంజిన్‌కీ సంబంధం తెగిపోతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు ఉండి కూడా లేనట్టే. కొత్తవాళ్లు భయం వేయగానే రెండు కాళ్లూ కలిపి తొక్కేస్తారు. కారులో అది అలవాటై ఉంటుంది. ఈ అలవాటు పోగొట్టుకోవడం హెవీ శిక్షణలో అన్నిటికంటే విలువైన పని అంటాను.

ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పే మాట పాత బళ్లకు సరిపోయే కొలత, ఇప్పటి బలమైన ఇంజిన్లున్న బళ్లకు అంతకంటే కింది గేరు కావాల్సి రావొచ్చు. ఆ గేరు కూడా దిగుడు మొదలవక ముందే వేసుకోవాలి. బండి వేగం అందుకున్నాక కింది గేరు వేయబోతే ఇందాకటి లెక్కే అడ్డొస్తుంది. ఇంజిన్ అందుకోవాల్సిన చుట్లు దాని పరిధి దాటిపోతాయి, గేరు పడదు, ఉన్న గేరు నుంచి మాత్రం రాడ్డు బయటికొచ్చేసి ఉంటుంది. అంటే న్యూట్రల్. బ్రేకు వాడాల్సిన పద్ధతి కూడా వేరు. పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం కంటే, అనుకున్న వేగం 30 అయితే 30కి చేరగానే గట్టిగా తొక్కి 22కి తెచ్చి, పూర్తిగా వదిలేయాలి. మళ్లీ 30 అయ్యాక మళ్లీ తొక్కాలి. వదిలిన ఆ కాస్త సేపూ డ్రమ్ములు ఊపిరి పీల్చుకుంటాయి.

డీజిల్ కలిసొస్తుందని డౌన్‌లో న్యూట్రల్ కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ పంపడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఆదా అనుకున్నది ఖర్చు. పైగా ఎయిర్ బ్రేకుకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఐడిల్‌లో అది గాలి నెమ్మదిగా నింపుతుంది, మీరేమో బ్రేకు మీద బ్రేకు తొక్కి ఉన్న గాలి ఖర్చు చేస్తుంటారు.

గాలి, అద్దాలు, వెనక చక్రాలు

ఎయిర్ బ్రేకు గురించి ఒక్కటి తెలిస్తే మిగతాది సులువు. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. గాలి పోతే స్ప్రింగు బండిని పట్టేస్తుంది. అందుకే ఉదయం స్టార్ట్ చేయగానే లారీ కదలదు. గేజీ ముల్లు పైకెక్కి, బజర్ మోగడం ఆగేదాకా ఆగాలి. టెస్టు రోజు ఆ కాస్త ఆగడం కూడా మీకు బండి తెలుసని చెబుతుంది. ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరగండి. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో, వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో, లైట్లు వెలుగుతున్నాయో లేదో, కింద ఆయిల్ మరకలున్నాయో చూడండి. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు డ్రెయిన్ చేయడం స్కూల్లో చూపించకపోతే అడిగి నేర్చుకోండి.

రివర్స్, మలుపులు అన్నీ ఒక విషయం మీద ఆధారపడతాయి. మలుపులో లారీ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవైతే అంత ఎక్కువ. మన రోడ్ల మీద ఎడమ మలుపు ఇరుకు కాబట్టి ఆ కోత పడేది ఎడమవైపే, సైకిళ్లూ బైకులూ దూరేదీ అటే. గేరు మలుపుకు ముందే మార్చేసుకోవాలి. మలుపులో క్లచ్ తొక్కి ఉంటే బండి మీ అదుపులో ఉండదు, చూపు కూడా ఎడమ అద్దం మీద ఉండదు. రివర్స్‌లో అయితే మామూలు రోజుల్లో వెనక నిలబడి "రానీ, రానీ" అని చెప్పే క్లీనర్ టెస్టులో ఉండడు. మొదటి రోజు నుంచే క్లీనర్ కేకల మీద ఆధారపడకుండా రెండు అద్దాలతోనే తీయడం అలవాటు చేసుకోండి. అనుమానం వస్తే ఆగండి. ఒకసారి ముందుకు తీసి సరిచేసుకోవడం డ్రమ్ము గుద్దడం కంటే వెయ్యి రెట్లు నయం.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని మనవాళ్లు పిలిచే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ కళ్లతో పాటు చెవులతో కూడా మార్కులు వేస్తారు. గేరు గరగరలు, ఇంజిన్ పనికిరాని అరుపు, పై గేరులో లాగలేక చేసే మూలుగు, ఇవన్నీ బండి వెలుపల నిలబడ్డవాళ్లకు కూడా వినబడతాయి. సీటు సరిచేసుకుని, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూసుకోండి. చెప్పులతో రావొద్దు, బూట్లు వేసుకోండి. టెన్షన్‌లో ఎడమ కాలు వణుకుతుంది, మడమ నేల మీద ఆనించి ఉంచితే వణుకు క్లచ్‌కి చేరదు. గేరు మార్చడం అయిపోగానే క్లచ్ మీంచి కాలు తీసేయండి. చాలామందికి అది అక్కడే ఉండిపోతుంది, లోపల బేరింగ్ అరుగుతూనే ఉంటుంది.

ఆటోమేటిక్ బండి మీద పాసైతే

మన లైసెన్స్‌లో గేరున్నది, గేరులేనిది అన్న విభజన మోటార్‌సైకిళ్లకే ఉంది. లారీకి లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న లారీ మీద టెస్టు పాసైనవారు మర్నాడు మాన్యువల్ టిప్పర్ ఎక్కినా కాగితం ప్రకారం తప్పు లేదు. అమెరికాలో అలా కుదరదు. అక్కడ కమర్షియల్ లైసెన్స్ టెస్టు ఆటోమేటిక్ మీద ఇస్తే కార్డు మీద "ఇ" అనే ఆంక్ష పడుతుంది, మాన్యువల్ ట్రక్ ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ ఆంక్ష పోవాలంటే మాన్యువల్ బండి మీద మళ్లీ టెస్టు ఇవ్వాలి. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కి హెవీ డ్రైవర్లుగా వెళ్లేవాళ్లు ఎంతోమంది. ఎమిరేట్స్‌లో కూడా లైసెన్స్ మీద మాన్యువల్, ఆటోమేటిక్ తేడా రాస్తారు. అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడే మాన్యువల్ మీద చేయి తిప్పుకుని వెళ్లడం మేలు.

మన చట్టం ఆ తేడా చూడట్లేదు కాబట్టి భారం మీ మీదా, మీకు బండి అప్పగించే ఓనర్ మీదా పడుతుంది. ఎన్నో ఏళ్లు ఈ దారుల్లో తిరిగిన ఓనర్లలో కొందరు కార్డు చూసి తాళం ఇవ్వరు, ముందు ఒక ట్రిప్పు పక్కన కూర్చుని చూస్తారు. మీ ఓనర్ అలా చేయకపోతే మీరే అడగండి. లైసెన్స్ చేతికొచ్చాక మొదటి కొన్ని లోడు ట్రిప్పులు సీనియర్ డ్రైవర్‌ను పక్కన పెట్టుకుని నడపండి, వాటిలో ఒకటైనా ఘాట్ రోడ్డు ఉండేలా చూసుకోండి. ఏ మలుపుకు ముందు ఏ గేరులోకి వస్తున్నారో, ఎగ్జాస్ట్ బ్రేకు ఎక్కడ వేస్తున్నారో అడిగి నోట్ చేసుకోండి. తర్వాతిసారి ఆ దారిలో మీరు నడుపుతున్నప్పుడు ఆయన్ని ఏమీ చెప్పకుండా చూడమనండి.